తగలకూడని చోట తగలకుండా

చక్రం బేరింగు ఆయుష్షు మొత్తంలో పెద్ద గండం దాన్ని హబ్‌లోకి దించే ఘడియలోనే ఉంది. ఆ గండం గడిస్తే తర్వాత టన్నుల బరువు మోస్తుంది, గతుకుల్లో పడి లేస్తుంది, బ్రేకు డ్రమ్ము సెగకు ఓర్చుకుంటుంది. వాటి కోసమే దాన్ని తయారు చేశారు. సుత్తి దెబ్బలు తినడానికి మాత్రం తయారు చేయలేదు. ఫ్యాక్టరీలో మైక్రాన్ల లెక్కన సాన పట్టి, నూనె రాసి, కాగితం చుట్టి పంపిన వస్తువుని షెడ్డులో మెకానిక్కు విప్పేసరికి అతని చుట్టూ ఉండేవి సుత్తి, ఉలి, ఏదో పాత పైపు ముక్క. బేరింగు ఏళ్ల తరబడి తిరుగుతుందా, నెల తిరక్కుండానే మూలగడం మొదలెడుతుందా అన్నది చాలాసార్లు సుత్తికీ బేరింగుకీ మధ్య పెట్టే ఇనప ముక్క తేలుస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, ఏ జిల్లా కేంద్రంలోనైనా లారీ షెడ్ల పక్కన లేతు మిషను పెట్టుకున్న చోటనో, మంచి టర్నరు దొరికితే ఆ ముక్కని బేరింగు కొలతకు తగ్గట్టు చేసి ఇస్తాడు. చూడ్డానికి అది చిన్న మెట్టున్న గుండ్రటి దిమ్మ, అంతే. దాని ప్రతి అంచుకీ ఒక కారణం ఉందని తెలియాలంటే ముందు బేరింగు లోపలికి చూడాలి.

టేపర్ రోలర్ బేరింగులో భాగాలు నాలుగు. ఇరుసు మీద కూర్చునే లోపలి రింగు కోన్. హబ్‌లో బిగుసుకునే బయటి రింగు కప్పు. రెండింటి మధ్య ఒక కొస లావుగా, ఒక కొస సన్నంగా ఉండే రోలర్లు. ఆ రోలర్లు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఎడంగా ఉంచే రేకు పంజరం కేజి. కోన్, రోలర్లు, కేజి కలిసి ఒకే ముద్దగా వస్తాయి. కప్పు మాత్రం విడిగా ఊడి వస్తుంది. మామూలు బాల్ బేరింగుకి లేని వెసులుబాటు ఇది. కప్పుని ముందే హబ్‌లో దింపుకోవచ్చు, కోన్‌ని శుభ్రం చేసి గ్రీజు దట్టించి తర్వాత పెట్టుకోవచ్చు, రెంటి మధ్య వదులు ఎంతుండాలో నట్టుతో మనమే నిర్ణయించుకోవచ్చు. ఫ్యాక్టరీ చెయ్యాల్సిన ఆఖరి పనిని ఈ బేరింగు మెకానిక్కు చేతిలో పెడుతుంది. స్వేచ్ఛతో పాటు పూచీ కూడా.

ఏటవాలు ఎందుకో తెలియాలంటే టీ గ్లాసుని నేల మీద అడ్డంగా పడేసి దొర్లించి చూడండి. అది తిన్నగా పోదు, చుట్టూ గుండ్రంగా తిరిగి వస్తుంది. గ్లాసు గోడల్ని సన్నపు వైపు పొడిగించుకుంటూ పోతే అవి ఎక్కడ కలుస్తాయో ఆ బిందువే ఆ తిరుగుడికి కేంద్రం. బేరింగులో ఉన్నదీ ఇదే. ప్రతి రోలరు ఏటవాలునీ, కోన్ ఏటవాలునీ, కప్పు ఏటవాలునీ పొడిగిస్తే అన్నీ ఇరుసు నడిమి గీత మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అందుకని రోలరు తన పొడవునా ఎక్కడా జారకుండా, ఈడ్చుకోకుండా దొర్లుతుంది. ఆ బిందువు కాస్త అటూ ఇటూ అయినా ఒక కొస దొర్లుతుంటే రెండో కొస రాసుకుంటుంది.

బరువు పడ్డప్పుడు ఏటవాలుగా ఉన్న రోలరు లావు కొస వైపు జారిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి కోన్ లావు కొసన చిన్న గట్టు ఉంటుంది. రోలరు తల ఆ గట్టుకి ఆనుకుని తిరుగుతుంది. రోలరు దొర్లకుండా నేరుగా రాసుకునే ముఖ్యమైన చోటు అదే. గ్రీజు అయిపోతే ముందు కాలేదీ అక్కడే. ఈ గట్టుని గుర్తుంచుకోవాలి. గ్రీజు పట్టించేటప్పుడూ, నట్టు బిగించేటప్పుడూ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ ఏర్పాటుకి 1898లో అమెరికాలో పేటెంటు తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ గుర్రపు బగ్గీలు తయారు చేసేవాడు. మలుపు తిరిగే బండి చక్రం మీద బరువు పైనుంచే కాదు, పక్కనుంచి కూడా నెడుతుందని బండ్లు చేసేవాడికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. మన ఎడ్లబండిలో ఆ పక్క తోపుని ఇరుసు చివర కడచీల కాసుకునేది, ఇరుసుకి ఆముదంలో మసి కలిపిన కందెన పూసేవాళ్లు. టిమ్‌కెన్ ఆ రెండు తోపుల్నీ ఒకే రోలరు మీదికి తెచ్చాడు. మరుసటి ఏడాది సెయింట్ లూయిస్‌లో కంపెనీ పెట్టాడు. మోటారు బండి సరిగ్గా అప్పుడే పుట్టుకొస్తోంది. ఈ బేరింగు దానికి అతుక్కుపోయింది.

ఇప్పుడు హబ్ దగ్గరికి వద్దాం. ఒక హబ్‌లో రెండు బేరింగులు ఎదురెదురుగా కూర్చుంటాయి. సాధారణంగా లోపలిది పెద్దది, బయటిది చిన్నది. ఒక్కో టేపరు బేరింగు ఒక్క వైపు తోపునే కాయగలదు కాబట్టి జంట తప్పదు. రెండు కప్పులూ వెడల్పు నోరు బయటికి పెట్టుకుని, మందపు అంచుని హబ్ లోపలి మెట్టుకి ఆనించి కూర్చుంటాయి. కప్పు బిగుతుగా ఉండాలి, కోన్ మాత్రం ఇరుసు మీద చేత్తో నెడితే జారేంత వదులుగా ఉండాలి. ఎందుకీ తేడా? బండి బరువు ఎప్పుడూ నేల వైపే. తిరగని ఇరుసు మీద తిరగని కోన్‌కి ఆ బరువు ఎప్పుడూ ఒకే చోట పడుతుంది. అది కదలాల్సిన అవసరం అంతగా రాదు. హబ్‌తో పాటు తిరిగే కప్పు సంగతి వేరు. దాని చుట్టుకొలతలో ప్రతి చోటూ వంతుల వారీగా బరువు కిందికి వస్తుంది. హబ్ రంధ్రంలో వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, కప్పు ఆ సందులో మెల్లగా పాకుతూ తన చుట్టూ తను తిరుగుతుంది, హబ్‌ని లోపల నుంచి కొరుక్కు తింటుంది. అందుకే కప్పు బయటి కొలత కన్నా హబ్ రంధ్రాన్ని మిల్లీమీటరులో మూడు నాలుగు వందో వంతులు చిన్నగా చేస్తారు. పనిముట్టు అవసరం పుట్టింది ఆ మూడు నాలుగు వందో వంతుల్లోంచే.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక బేరింగు నంబరు తీసుకుందాం: 32208. మొదటి 3 టేపరు రోలరుకి గుర్తు. చివరి రెండంకెల్ని 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, 40 మి.మీ. కప్పు బయటి కొలత 80 మి.మీ., కప్పు పొడవు 19 మి.మీ. ఇక కప్పు లోపలి ఏటవాలు కోణం కేటలాగులో 14 డిగ్రీల 2 నిమిషాల 10 సెకన్లు అని ఉంటుంది. ఇంత వింత అంకె ఎందుకని మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేస్తే గుట్టు విప్పుకుంటుంది: ఆ కోణం సరిగ్గా నాలుగుకి ఒకటి వాలు. నాలుగు మిల్లీమీటర్లు ముందుకి పోతే ఒక మిల్లీమీటరు ఎక్కుతుంది. కోణంగా చూస్తే గజిబిజి, వాలుగా చూస్తే చిన్నపిల్లల లెక్క. టర్నరుకి కావలసింది ఈ రెండోదే.

ఆ వాలుని బట్టి కప్పు వెడల్పు నోటి దగ్గర లోపలి కొలత 74 మి.మీ. పైచిలుకు వస్తుంది. అంటే 80 మి.మీ. కప్పుకి ఆ అంచు దగ్గర గోడ మందం మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మూలలు గుండ్రంగా తీసేయగా సాఫీగా మిగిలేది ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల ఉంగరం. సుత్తి బలమంతా ఆ సన్నటి ఉంగరం మీదే దిగాలి. దానికి అటు పక్క హబ్ గోడ, ఇటు పక్క అద్దంలాంటి రోలర్ల దారి. అటు జారితే హబ్ గీసుకుంటుంది, ఇటు జారితే దారి మీద నొక్కు పడుతుంది. ఉలితో కప్పు చుట్టూ తిరుగుతూ ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు కొట్టి దించే పద్ధతి మన షెడ్లలో రోజూ చూస్తాం. కొందరి చెయ్యి నిజంగానే గొప్పది, ఒక్క దెబ్బా తప్పదు. కానీ అక్కడ కూడా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. 80 మి.మీ. వెడల్పున్న వస్తువు 19 మి.మీ. పొడవుతో రంధ్రంలోకి దిగుతోంది. పొడవు కన్నా వెడల్పు ఎక్కువున్న ఏ వస్తువైనా ఒక పక్క కొడితే వంకర తిరుగుతుంది. వంకర తిరిగిన ప్రతిసారీ దాని అంచు హబ్ గోడ నుంచి సన్నటి ఇనప రజను చెక్కుతుంది. ఆ రజను కింద మెట్టు మీద పడుతుంది, కప్పు దాని మీద కూర్చుంటుంది. కూర్చుంది అనుకుని మనం నట్టు బిగిస్తాం. బండి నడిచాక ఆ రజను నలిగి పిండవుతుంది, కప్పు ఆ మేరకు లోపలికి జరుగుతుంది, చక్రం ఊగడం మొదలవుతుంది. నింద మాత్రం బేరింగు కంపెనీ మోస్తుంది.

కాబట్టి దిమ్మ చెయ్యాల్సిన పనులు మూడు. ఉంగరం చుట్టూరా ఒకేసారి ఆనాలి. కప్పుకి నడిమధ్యన నిలవాలి. రోలర్ల దారిని తాకకూడదు. ఈ మూడోదే అన్నిటికన్నా నాజూకు, తొందరలో ముందుగా మరిచిపోయేదీ ఇదే.

టర్నరు మైల్డ్ స్టీలు రాడ్డు ముక్క ఒకటి చక్కులో బిగిస్తాడు. ఇత్తడి మెత్తన, కానీ ఖరీదు. అల్యూమినియం చవక, తేలిక, కాకపోతే నాలుగు దెబ్బలకే అంచు చిట్లి దాని పొట్టు కప్పులో రాలుతుంది. మైల్డ్ స్టీలు బేరింగు స్టీలు కన్నా ఎంతో మెత్తన కాబట్టి దెబ్బ తినాల్సి వస్తే అదే తింటుంది, మన్నిక కూడా ఉంటుంది. ముందు ముఖం సాపు చేసి, బయటి కొలత 79.5కి తెస్తాడు. కప్పు హబ్ అంచు దాటి లోపలికి దిగేటప్పుడు దిమ్మ కూడా దాని వెంట దిగాలి; 80 చేస్తే అది కూడా హబ్‌లో ఇరుక్కుపోతుంది. అర మిల్లీమీటరు తగ్గిస్తే చుట్టూ పావు మిల్లీమీటరు సందు. అంతకు మించి తగ్గిస్తే ఉంగరం మీద ఆనే మేర తరిగిపోతుంది.

తర్వాత ముందు భాగంలో మెట్టు తీస్తాడు. మెట్టు మొదట్లో 73.6 మి.మీ., అక్కడి నుంచి 15 మి.మీ. పొడవునా నాలుగుకి ఒకటి వాలుతో సన్నబడి కొస దగ్గర 66 మి.మీ. చిల్లరకు చేరుతుంది. ఇది కప్పులోకి దూరి దిమ్మని మధ్యలో నిలిపే ముక్కు. ముక్కు వాలు, కప్పు వాలు ఒకటే. కానీ ముక్కు చుట్టూ మూడు పదో వంతుల మి.మీ. సందు వదిలాడు. నడిమధ్యకి తేవడానికి ఆ దగ్గరితనం చాలు, దారిని ముట్టుకోకపోవడానికి ఆ ఎడం చాలు. వాలు కోసం లేతు మీద కాంపౌండ్ స్లైడుని 14 డిగ్రీలకి తిప్పుతాడు. ఆ గీతల్ని నమ్మి ఊరుకునేవాడు కాదు మంచి టర్నరు. కోసిన వాలు మీద డయల్ గేజి ముల్లు ఆనించి క్యారేజిని 20 మి.మీ. కదిపితే గేజి సరిగ్గా 5 మి.మీ. చూపాలి. ముక్కు పొడవు 15 మి.మీ. మాత్రమే కాబట్టి దాని మీద 12 కదిపి 3 వచ్చిందా అని చూసుకుంటాడు. నాలుగుకి ఒకటి అన్న ఆ చిన్న లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది.

ముక్కు, మెట్టు కలిసే మూలలో సన్నటి గాడి ఒకటి తొలుస్తాడు. తెలియనివాళ్లకి అది అలంకారంలా కనిపిస్తుంది. లేతు టూలు కొస ఎంత పదును పెట్టినా మూలలో కాస్త గుండ్రం మిగులుతుంది. ఆ గుండ్రం కప్పు లోపలి అంచుకి తగిలి, బలమంతా ఉంగరం మీద కాకుండా ఆ అంచు మీద పడుతుంది. గాడి తీస్తే మూల ఖాళీ అవుతుంది, మెట్టు ఉంగరం మీద సాఫీగా కూర్చుంటుంది. బయటి కొలత, మెట్టు, ముక్కు, మధ్యలో రంధ్రం, అన్నీ ఒకే పట్టులో, అంటే చక్కులోంచి ముక్కని ఊడదీయకుండా కోస్తాడు. తీసి మళ్లీ బిగిస్తే నడిమి గీత ఎంతో కొంత తప్పుతుంది, మెట్టు వంకరవుతుంది, అప్పుడు ఉలికీ దీనికీ తేడా ఏముంది? మధ్య రంధ్రానికి 16 మి.మీ. మర వేస్తాడు. దాంట్లో పిడి బిగిస్తే సుత్తితో కొట్టే దిమ్మ, మరల రాడ్డు బిగిస్తే లాగే దిమ్మ.

ఆఖరి పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చింది. లేతు షాపుల్లో నీలి రంగు పూత ఒకటి ఉంటుంది. రెండు ముఖాలు ఎక్కడ తాకుతున్నాయో చూడటానికి ఒకదానికి పూసి రెండోదానికి అద్దుతారు. రంగు అంటిన చోటల్లా తాకినట్టు. ఇక్కడ దాన్ని తిరగేసి వాడతారు. దిమ్మ మెట్టుకీ ముక్కుకీ కూడా పలచగా నీలం పూసి కొత్త కప్పులో కూర్చోబెట్టి నొక్కి తీస్తారు. ఉంగరం మీద చుట్టూరా తెగని నీలి వలయం రావాలి. లోపలి దారి మీద ఒక్క మరక కూడా ఉండకూడదు. మరక కనిపిస్తే దిమ్మ మళ్లీ చక్కులోకి పోతుంది.

లేతు ఖర్చు దేనికని పాత కప్పునే దిమ్మగా వాడేవాళ్లూ ఉన్నారు. దాని బయటి ముఖాన్ని గ్రైండరు మీద కాస్త అరగదీస్తే హబ్‌లో వదులుగా దిగుతుంది. కొత్త కప్పు మీద దాన్ని బోర్లించి కొడతారు. ఇంకాస్త తెలివైనవాళ్లు దానికి ఒక పక్క నిలువునా చీలిక కోస్తారు, ఇరుక్కున్నా నొక్కుకుని బయటికొస్తుందని. ఉపాయం మంచిదే, రూపాయి ఖర్చు లేదు. చిక్కల్లా బేరింగు స్టీలు గట్టిదనంలో ఉంది. గట్టి ఉక్కు మీద గట్టి సుత్తి పడితే పెచ్చు లేచి కంట్లో పడవచ్చు. మధ్యలో మెత్తటి ఇనప బిళ్ల పెట్టి, కంటికి అద్దాలు పెట్టుకుని చేసేవాడికి నా అభ్యంతరం లేదు.

నన్నడిగితే సుత్తి లేకుండా దించే పద్ధతే మేలు. రెండు బేరింగులకీ రెండు దిమ్మలు చేయించుకోవాలి. చిన్న బేరింగు 30206 అనుకుంటే దాని కప్పు 62 మి.మీ., దిమ్మ 61.5. వీటికి మాత్రం మధ్య రంధ్రంలో మర వద్దు. రాడ్డు స్వేచ్ఛగా దూరేలా 16.5కి బోరు చేస్తే సరి. హబ్‌కి అటొక కప్పు, ఇటొక కప్పు నోటి దగ్గర నిలిపి, వాటి మీద దిమ్మలు పెట్టి, మధ్య నుంచి 16 మి.మీ. మరల రాడ్డు దూర్చి, ఒక కొసన నట్టుని కదలకుండా పట్టి రెండో కొసన నట్టు తిప్పాలి. ఇక హబ్‌ని నేల మీద ఆనించక్కర్లేదు, వైసులో బిగించక్కర్లేదు. ఒక కప్పుని నెట్టే బలానికి రెండో కప్పే ఆనిక అవుతుంది. బలం రెండు వైపులా సమానమే కాబట్టి తక్కువ బిగువున్న కప్పు ముందు దిగుతుంది. అది మెట్టుకి ఆనాక కదలదు, అప్పుడు రెండోది దిగుతుంది. స్పానరు పట్టిన చేతికి రెండుసార్లు బిగువు తెలుస్తుంది. రెండోసారి తెలిసిందంటే రెండూ కూర్చున్నట్టే.

ఆ మర పిచ్ 2 మి.మీ. నట్టు ఒక చుట్టు తిరిగితే దిమ్మలు రెండు మిల్లీమీటర్లు దగ్గరవుతాయి. అడుగు పొడవు స్పానరు కొస ఆ ఒక్క చుట్టులో దాదాపు రెండు మీటర్లు తిరుగుతుంది. ఘర్షణ లేకపోతే పది కిలోల చేతి బలం తొమ్మిది టన్నులకు పైగా అవ్వాలి. ఘర్షణ అందులో నూటికి తొంభై వంతులు తినేస్తుంది, అయినా దగ్గర దగ్గర టన్ను మిగులుతుంది; కప్పు దిగడానికి అది చాలు. ఆ తినేసే దాంట్లో సగం దాకా నట్టు ముఖం కింద వాషరు మీద రాసుకోవడంలోనే పోతుంది. అక్కడ చిన్న థ్రస్టు బేరింగు పెడితే అదే చేతికి ఇంచుమించు రెట్టింపు పని జరుగుతుంది. కొత్తది కొననక్కర్లేదు. పాత క్లచ్చు రిలీజు బేరింగు గరగరలాడుతున్నా ఈ పనికి పనికొస్తుంది, రంధ్రం సరిపోయేలా ఒక బుష్షు తీయించుకుంటే చాలు. బేరింగు దించడానికి ఇంకో బేరింగు సాయం.

దించే ముందు పాతది తీయాలి. చాలా హబ్‌లలో మెట్టు వెనక ఎదురెదురుగా రెండు గాళ్లు ఉంటాయి, వాటిలోంచి ఇత్తడి కడ్డీతో మార్చి మార్చి కొడితే కప్పు బయటికొస్తుంది. గాళ్లు లేని హబ్‌లో వెల్డింగు వాళ్ల ఉపాయం ఒకటుంది. పాత కప్పు లోపలి దారి మీద చుట్టూ ఒక వరస వెల్డింగు కట్టి వదిలేస్తారు. వేడికి కప్పు పెరగాలని చూస్తుంది, హబ్ పెరగనివ్వదు. చల్లారేటప్పుడు వెల్డింగు వరస ముడుచుకుని కప్పుని లోపలికి గుంజుతుంది. కాసేపాగి హబ్‌ని బోర్లిస్తే కప్పు దానంతటదే జారి పడుతుంది. మూడు వందో వంతుల బిగువుని ఒక్క వెల్డింగు వరస విడిపించడం చూస్తే ఆ బిగువు ఎంత సన్నటి వ్యవహారమో తెలుస్తుంది.

అదే సన్నటి తేడాతో కొత్త కప్పుని తేలిగ్గా దించవచ్చు. ఇంట్లో ఫ్రీజరులో రాత్రంతా పెడితే, ముప్ఫై డిగ్రీల నుంచి సున్నాకి పద్దెనిమిది కిందికి వచ్చేసరికి 80 మి.మీ. కప్పు నాలుగున్నర వందో వంతుల మి.మీ. ముడుచుకుంటుంది. బిగువు దాదాపు మాయం. అయితే సన్నటి రింగు, చేతి వేడికే గబగబా వెచ్చబడుతుంది; దిమ్మలు, రాడ్డు అన్నీ సిద్ధం చేసుకున్నాకే బయటికి తీయాలి. కోస్తా ఉక్కపోతలో ఇంకో సంగతి: చల్లటి ఉక్కు మీద క్షణాల్లో నీరు పడుతుంది, తుడిచి నూనె రాయకపోతే తుప్పుకి అదే విత్తనం.

కప్పు కూర్చుందో లేదో రెండు విధాల తెలుస్తుంది. సుత్తితో దించితే చప్పుడు మారుతుంది. దిగుతున్నంతసేపు బొంగురుగా ఉన్న దెబ్బ మెట్టుకి ఆనగానే గణగణమంటుంది, హబ్ మొత్తం ఒకే లోహమైనట్టు పలుకుతుంది. చెవి మీద నమ్మకం లేకపోతే మెట్టు దగ్గరి గాడిలోంచి ఫీలర్ గేజి రేకు పెట్టి చూడాలి. ఐదు వందో వంతుల రేకు ఎక్కడా దూరకూడదు.

గ్రీజు దగ్గర ఎక్కువ మంది కోన్ పైపైన పూసి సరిపెడతారు. గట్టు గుర్తుందిగా; గ్రీజు చేరాల్సింది రోలరు తలకీ గట్టుకీ మధ్యకి. అరచేతిలో ముద్ద పెట్టుకుని కోన్ లావు కొసని దానికేసి అదుముతూ, అవతలి సన్న కొస నుంచి రోలర్ల మధ్యగా గ్రీజు ఉబికి వచ్చేదాకా చుట్టూ తిప్పాలి. దీనికీ లేతు మీద ఓ పనిముట్టు చేస్తారు: రెండు పళ్లేల మధ్య కోన్‌ని ఇరికించి, నడుమ నిపిల్ ద్వారా గ్రీజు గన్నుతో కొడితే పాత గ్రీజుని తోసుకుంటూ కొత్తది బయటికొస్తుంది. తర్వాత లోపలి కోన్‌ని కప్పులో పెట్టి ఆయిలు సీలు దించాలి. సీలుకి దిమ్మ ముక్కున్న వైపు పనికిరాదు; సీలు కొలతకు తీసిన చదును బిళ్ల కావాలి, దాని చుట్టూ హబ్ ముఖానికి ఆనే అంచు ఉంటే సీలు ఎంత లోతు దిగాలో అంతే దిగి ఆగుతుంది.

ఇక నట్టు. హబ్ ఎక్కించి, బయటి కోన్ పెట్టి, నాలుక వాషరు వేసి నట్టు బిగించేటప్పుడు హబ్‌ని తిప్పుతూనే ఉండాలి. ఊరికే నిలబెట్టి బిగిస్తే రోలర్లు ఎక్కడివక్కడే వంకరగా ఉండిపోయి బిగిసినట్టు భ్రమ పెడతాయి. తిరుగుతుంటేనే అవి ఒక్కొక్కటీ పైకి పాకి గట్టుకి తల ఆనిస్తాయి. గట్టిగా బిగించి కూర్చోబెట్టాక నట్టుని పూర్తిగా వదిలి, మళ్లీ చేతి బిగువుకి తెచ్చి, అక్కడి నుంచి పిన్ను రంధ్రం కలిసే దాకా కొంచెం వెనక్కి తిప్పుతారు. మిగలాల్సిన వదులు మిల్లీమీటరులో రెండున్నర వందో వంతుల నుంచి పన్నెండున్నర వందో వంతుల దాకా. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే చేతికి తెలిసీ తెలియనంత. డయల్ గేజిని హబ్‌కి తగిలించి ముల్లుని ఇరుసు కొసకి ఆనిస్తే అంకె కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బందిని ఎవరో ఎంత తెలివిగా తప్పించారో చూడండి. ఇరుసు మర పిచ్ 1.5 మి.మీ. అనుకుందాం. నట్టుకి ఆరు గాళ్లు, ఇరుసుకి అడ్డంగా ఒకే రంధ్రం ఉంటే పిన్ను కలవడానికి నట్టుని అరవై డిగ్రీల చొప్పున తిప్పాలి, అంటే ఒక్కో మెట్టుకి పావు మిల్లీమీటరు. మనకు కావలసిన వదులు ఎంత ఎక్కువనుకున్నా దాంట్లో సగమే. ఒక గాడి దగ్గర బిగువు, తర్వాతి గాడి దగ్గర లొడలొడ. ఇరుసుకి మొదటి రంధ్రానికి అడ్డంగా ఇంకో రంధ్రం వేస్తే? అరవై డిగ్రీల మెట్లు ముప్ఫై అవుతాయి, పావు మిల్లీమీటరు కాస్తా పన్నెండున్నర వందో వంతులకు దిగుతుంది. ఒక్క రంధ్రంతో కొలత సగమైంది. కొన్ని ఇరుసులకు గాళ్లు లేని మామూలు నట్టు మీద రేకు టోపీ ఒకటి వస్తుంది. టోపీని నట్టు మీద ఎన్నో రకాలుగా తిప్పి తొడగవచ్చు, నట్టు ఎక్కడ ఆగినా దాని కోతల్లో ఏదో ఒకటి పిన్నుకి దొరుకుతుంది. అది రేకు వత్తి చేసే అతి చవకైన వస్తువు, మొత్తం హబ్‌లో అతి సన్నటి కొలతని నిలిపేదీ అదే.

పిన్ను కాళ్లు విరిచి, చివరగా దుమ్ము టోపీ. దాన్ని బొడ్డు మీద సుత్తితో కొట్టి దించిన హబ్‌లు రోడ్డు మీద నూటికి ఎన్నో కనిపిస్తాయి, సొట్టలు పడి, ఒక పక్క లేచి, వర్షపు నీళ్లకి దారి ఇస్తూ. దానికి కావలసింది టోపీ అంచు కొలతకి ఒక కొస సాపు చేసిన పైపు ముక్క. పైపు అంచు టోపీ అంచు మీద చుట్టూరా ఆనుతుంది, బొడ్డు పైపు లోపల ఖాళీలో ఉంటుంది. చెక్క సుత్తితో రెండు దెబ్బలు చాలు.